పుస్తకానికి నేర్పిన పేజీ

ఆ బైండింగ్ షాపు ఇద్దరు అన్నదమ్ములది. వీధిలో అందరూ ఒకరిని పెద్దాయన అంటారు, ఇంకొకరిని చిన్నాయన అంటారు. చిన్నాయనకు కూడా యాభై దాటి చాలా కాలమైంది, తలలో నల్ల వెంట్రుక కావాలంటే వెతుక్కోవాలి. అయినా అన్న ఉన్నంత కాలం తమ్ముడు చిన్నవాడే కదా, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. కింద షాపు, పైన ఇల్లు. పైన రెండు వాటాలకీ కలిపి ఒకటే వంటిల్లు. ఆ వంటింట్లో తోడికోడళ్ళిద్దరూ ఇన్నేళ్ళుగా మాటా మాటా అనుకోకుండా నెట్టుకొస్తున్నారంటే అది షాపులో పొద్దున్నే చదివే వాక్యం మహిమ అని వీధిలో వాళ్ళు అంటారు. వంటింటికి రెండు తలుపులు ఉండడం వల్ల అని చిన్నాయన భార్య అంటుంది.

ఆ వాక్యం పద్ధతి వాళ్ళ నాన్న పెట్టినది. పని మొదలుపెట్టే ముందు అన్నదమ్ములూ వాళ్ళ భార్యలూ, నలుగురూ పెద్ద బల్ల చుట్టూ నిలబడతారు. చిన్నాయన కళ్ళు మూసుకుని పవిత్ర గ్రంథం తెరిచి, తెరుచుకున్న చోట వేలు పెడతాడు. పెద్దాయన ఆ వేలి కింద ఉన్న ఒక్క వాక్యం పైకి చదువుతాడు. ముందూ వెనకా చదవరు, వ్యాఖ్యానాలు ఉండవు. "దేవుడు ఒక్క మాట చెప్తే చాలు. సాయంత్రం దాకా ఆ ఒక్కటీ చేసి చూపించండి, రెండో మాట రేపు అడుగుదురు గాని," అనేవాడట నాన్న.

వాళ్ళు నిజంగానే చేసి చూపించేవారు. ఒకరోజు, వచ్చినవాడికి అడగకముందే నీళ్ళిమ్మని వాక్యం వచ్చింది. ఆ రోజు షాపు గడప తొక్కిన ప్రతివాడి చేతిలోనూ గ్లాసు పెట్టారు. మీటరు చూడడానికి వచ్చినవాడు మొహమాటానికి రెండు గ్లాసులు తాగి, పక్కింటి మీటరు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఇంకోరోజు నోరు మెదపకుండా పని చేయమని వచ్చింది. అన్నదమ్ములిద్దరూ పొద్దుగూకే దాకా సైగలతోనే పని చేసుకుంటుంటే, వాళ్ళు పోట్లాడుకున్నారేమో అనుకుని ఒక పాత ఖాతాదారు మధ్యలో కూర్చుని రాజీ చేయబోయాడు. నవ్వాపుకోలేక ఇద్దరికీ పొలమారింది. కానీ మాట మాత్రం మాట్లాడలేదు.

ఇంకొక సరదా కూడా ఉండేది వాళ్ళకి. రిపేరుకు వచ్చిన పుస్తకాన్ని కుట్టు ఉన్న వైపు, అంటే వీపు మీద నిలబెట్టి, రెండు అట్టలూ ఒక్కసారి వదిలేస్తారు. అది దానంతట అది ఎక్కడో ఒకచోట తెరుచుకుంటుంది. ఎక్కువసార్లు ఎక్కడ తెరిచి నొక్కితే అక్కడ కుట్టు వదులై, పుస్తకం ఆ చోటుకే అలవాటు పడుతుంది. అది బైండింగ్ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ప్లీడరు గారి లా పుస్తకం విడాకుల దగ్గర తెరుచుకుంటే పెద్దాయన కళ్ళు పెద్దవి చేసేవాడు. షుగరు జబ్బున్న రిటైర్డ్ మాస్టారి ఇంటి వంటల పుస్తకం మిఠాయిల దగ్గర తెరుచుకుంటే చిన్నాయన పగలబడి నవ్వేవాడు. మనిషి దాచుకున్నది పుస్తకం దాచదురా అనేవాడు పెద్దాయన, అట్ట ఊడదీస్తూ.

షాపులో చదివే గ్రంథానికి మాత్రం అలాంటి అలవాటేదీ లేదు. నాన్న చేతిలో నలిగి నలిగి ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, ఊడిపోతే, ఆయన పోయిన ఏడాది పెద్దాయన దాన్ని మొత్తం విప్పి మళ్ళీ కుట్టాడు. వేరే పనులన్నీ పక్కన పెట్టి, ఒక్కో ఫారం ఒక్కో దారంతో, మైనం రాసుకుంటూ కుట్టాడు. ఆ పుస్తకం ఎక్కడ తెరిస్తే అక్కడ బల్ల మీద చదునుగా పడుకునేది, ఎవరి పక్షమూ పట్టేది కాదు. ఇంత పని మళ్ళీ నా వల్ల కాదు అన్నాడు పెద్దాయన ఆ రోజు. ఆ మాట అలా నిజమవుతుందని ఎవరూ అనుకోలేదు.

పెద్దాయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ముందు టీ గ్లాసు దగ్గర, తర్వాత జిగురు బ్రష్షు దగ్గర, చివరికి కటింగ్ మిషను దగ్గర. డాక్టరు ఏవో మాత్రలిచ్చి, ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా ఉండండి అన్నాడు. పెద్దాయన నెమ్మదిగానే ఉన్నాడు. పని మాత్రం మానలేదు. కాగితాల కట్ట పెట్టేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని బ్లేడు కింద సర్దేవాడు. అది చూసి చిన్నాయనకు ఒళ్ళు జలదరించేది. భయపడేవాడు, ఆ మాట నిజమే. విసుక్కునేవాడు కూడా, అదీ నిజమే. ఖాతాదారుల ముందు అన్న జిగురు ఒలకబోస్తే తను నవ్వుతూ తుడిచేవాడు. ఆ నవ్వు వెనక పళ్ళు కొరుక్కునేవాడు.

అప్పుడు సంగీతం టీచరమ్మ కట్ట వచ్చింది. తన గురువు దగ్గర నేర్చుకున్న పాటలన్నీ ఆమె చేత్తో రాసుకున్న కాగితాలు అవి, ఇంకో ప్రతి లేదు. అంచు కొంచెం సమం చేసి అట్ట వేయమంది. ఎంత వద్దన్నా పెద్దాయనే మిషను దగ్గరికి తీసుకెళ్ళాడు. చెయ్యి జారింది, కట్ట వంకరగా కూర్చుంది, బ్లేడు దిగింది. ప్రతి పేజీలోనూ చివరి అక్షరాలు పట్టీలా తెగి కింద పడ్డాయి. టీచరమ్మ వచ్చి చూసుకుంది. కింద పడిన ముక్కల్ని కూడా ఒక సంచిలో పోయించుకుని వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని చిన్నాయనకు అనిపించింది.

ఆ మర్నాటి నుంచి అతనికి ఒకటే ఆలోచన. అన్నయ్యను పని మాన్పించాలి. ఎలా చెప్పాలి? ఈ పని నేర్పినవాడికి, చిన్నప్పుడు దబ్బనం గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని రక్తం ఆపినవాడికి, ఇక నువ్వు పనికిరావు అని ఏ నోటితో చెప్పడం? మూడు నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. ప్రతిసారీ పెద్దాయన తలెత్తి, "ఏంట్రా?" అనగానే, "ఏం లేదు, దారం అయిపోయింది," అనేసి, వెళ్ళి కొనుక్కొచ్చేవాడు. అలా అలమరలో దారపు ఉండలు గుట్టగా పేరుకున్నాయి.

అందరికంటే ముందు కిందికి దిగి, షాపులో ఒక్కడే కూర్చుని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టాడు. దారి చూపించు తండ్రీ, నీ మాట ఏదో నాకు తెలిసేలా చెప్పు అని నిజంగానే అడిగాడు. అడుగుతూ అడుగుతూ గ్రంథం తిరగేస్తుంటే ఒకచోట కుడి పేజీ అడుగున ఈ వాక్యం కనిపించింది: "అలసిన చేతిని దాని భారము నుండి విడిపింపుము, వణకు వేళ్ళ మీద పని మోపకుము."

అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అడిగినదానికి ఇంత సూటిగా జవాబు వస్తుందని అనుకోలేదు. అప్పుడే ఆ పుస్తకం పట్టుకుని పైకి వెళ్ళి, అన్నయ్యా ఇది చూడు, నీతో ఒక మాట చెప్పాలి అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్న వచ్చి మళ్ళీ అదే పేజీ తీశాడు, ధైర్యం కోసం. ఆ మర్నాడూ తీశాడు. తీసినప్పుడల్లా పేజీ మూసుకుపోకుండా అరచేత్తో మధ్యలో గట్టిగా నొక్కి, ఆ వాక్యం మీద వేలు ఆనించి ప్రార్థన చేసేవాడు. చూస్తుండగానే అది రోజువారీ అలవాటైపోయింది. అలా చేస్తే ఆ పుస్తకానికి ఏమవుతుందో ఊరందరిలోకీ బాగా తెలిసిన ఇద్దరిలో తను ఒకడు. తెలిసిన సంగతిని తన నుంచి తనే దాచుకోవడం మనిషికి కష్టమేమీ కాదు.

ఆ తర్వాత ఒకరోజు ఎప్పటిలాగే నలుగురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. చిన్నాయన కళ్ళు మూసుకుని గ్రంథం తెరిచాడు. అది తెరుచుకుంది. వేలు పెట్టాడు. వేలికి కూడా దారి తెలుసు.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "అలసిన చేతిని దాని భారము నుండి విడిపింపుము, వణకు వేళ్ళ మీద పని మోపకుము."

వదిన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. చిన్నాయన భార్య భర్త వైపు చూసింది. పెద్దాయన పుస్తకాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కాసేపు దాని వీపు నిమిరాడు. పేజీ మూల కింద వేలు పెట్టాడు, తిప్పేవాడిలా. తిప్పలేదు. మెల్లగా మూసి బల్ల మీద పెట్టాడు.

"సరే," అన్నాడు. "చెప్పాక ఇంకేముంది."

నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. చిన్నాయన అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు. దేవుడు తన బాధ విన్నాడని ఏడ్చాడు. ఆ ఏడుపులో దొంగతనం ఉందని అతనికి అప్పుడు తెలియదంటే నమ్మడం కష్టం. బాగా తెలుసన్నా న్యాయం కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. వారం తిరిగి ప్రార్థన మందిరంలో అందరూ కూడినప్పుడు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. కళ్ళు మూసుకుని తెరిస్తే సరిగ్గా ఆ వాక్యం మీద వేలు పడిందని చెప్పాడు. అన్నయ్య చెయ్యి ఎలా వణికేదో, పని ఎలా పాడయ్యేదో కూడా చెప్పాడు, మహిమ ఎంత పెద్దదో తెలియాలి కదా. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. మందిరం పెద్ద వచ్చి వీపు తట్టి, ఇలాంటి సాక్ష్యం ఈ మధ్య వినలేదన్నాడు. చివరి వరసలో పెద్దాయన కుడిచేతిని ఎడమచేతి కింద దాచుకుని కూర్చున్నాడు. అందరూ వెనక్కి తిరిగి ఆ చేతి వైపే చూశారు.

పెద్దాయన పైకి వెళ్ళాక ఆగిపోయిన వాక్యం మర్నాడు షాపులో మళ్ళీ మొదలైంది, ఇక చదివేది చిన్నాయనే. తెరిచాడు. "అలసిన చేతిని," అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"మళ్ళీ అదేనా?" అంది భార్య.

"అదే."

"ఆయన వెళ్ళిపోయారుగా. ఇంకా ఎవర్ని విడిపించమంటున్నాడు దేవుడు?"

ఆ మర్నాడు కావాలని పుస్తకం చివర చూసి తెరిచాడు. బొటనవేళ్ళు సడలగానే కాగితాలు జారి జారి అక్కడికే వచ్చి ఆగాయి. భార్య అతని మొహంలోకి ఒకసారి చూసి, చీపురు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె కూడా ఇన్నేళ్ళు బైండింగ్ షాపులోనే బతికిన మనిషి.

చిన్నాయన గ్రంథాన్ని బరువు కింద పెట్టాడు. ఒక రాత్రంతా ఇనప దిమ్మెల కింద నలిగిన పుస్తకం పొద్దున్నే మళ్ళీ అదే పేజీ చూపించింది. వెలుతురులోకి తీసుకెళ్ళి అంచు చూశాడు. తెల్లటి అంచు మీద ఒక్కచోట బూడిదరంగు గీత. జిగురంటిన వేలితో రోజూ అక్కడే తీస్తే పడే మరక. వేరే వాళ్ళ పుస్తకాల్లో ఇలాంటి గీతలు చూసే ఇద్దరూ నవ్వుకునేవారు. తలుపు దగ్గరగా వేసి, అంచులు నున్నగా చేసే సాన కాగితంతో ఆ గీతను రుద్దబోయాడు. సాన కాగితం అంచుకు తగలగానే చెవులు వేడెక్కిపోయాయి. ఏం చేస్తున్నాను నేను, ఎవరి కంట పడకుండా చెరుపుతున్నాను అనుకున్నాడు. సాన కాగితం కింద పెట్టేశాడు.

ఇంతలో సాక్ష్యం సంగతి పాకి జనం రావడం మొదలైంది. కుట్టు మిషను మీద పని చేసుకునే ఒకావిడ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"అన్నగారూ, చూపు మందగిస్తోంది. పని మానేయాలా, ఇంకొన్నాళ్ళు లాగాలా? మీ చేత్తో తెరిచి చెప్పండి. మీరు తెరిస్తే దేవుడు పలుకుతాడట."

ఆమె మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదని వీధంతటికీ తెలుసు. ఏం చెప్పాలో తోచక అతను అట్ట మీద చెయ్యి వేశాడు. ఆ పుస్తకం ఆమెకేం చెబుతుందో అతనికి ముందే తెలుసు. అట్ట కొంచెం లేచి ఆ పేజీ కనబడబోతుండగా ఠక్కున మూసేశాడు.

"ఇవాళ కుదరదమ్మా. కళ్ళ డాక్టరుకు చూపించుకో."

"దేవుడు అలా చెప్పాడా?"

"లేదు, నేనే చెప్తున్నాను."

ఆవిడ నిరాశగా వెళ్ళిపోయింది. చిన్నాయన కుర్చీలో కూలబడ్డాడు. పైన అడుగుల చప్పుడు వినిపిస్తోంది. కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ తలుపు దాకా రావడం. పనివేళల్లో ఆ చప్పుడు ఇంతకు ముందు ఎప్పుడూ లేదు. పొద్దున్న వంటింట్లో వదిన తన భార్యతో అంటుంటే విన్నాడు: "మీ బావగారు దిండు గలీబులన్నీ విప్పి మళ్ళీ కుడుతున్నారమ్మా. బాగానే ఉన్నాయి, ఎందుకండీ అంటే, కుట్లు సమంగా లేవంటారు. ఇవాళ కిటికీ తెరల మీద పడ్డారు."

చాలా సేపు అలా కూర్చుని, చివరికి గ్రంథం తెరిచాడు. అది అతను నేర్పిన చోటే తెరుచుకుంది. ఆ వాక్యం ఇప్పుడు కంఠతా వచ్చు, చూడక్కర్లేదు. అప్పుడు మొదటిసారి పేజీ తిప్పాడు. ఇన్నాళ్ళూ తిప్పలేదు. కావలసింది దొరికాక ముందుకెళ్ళే అవసరం ఏముంది? వెనక పేజీ పైన మొదటి వాక్యం ఇలా ఉంది: "అయితే దానిని నీ ప్రక్కనే ఉంచుకొనుము, నీవు పడిపోకుండ నిన్ను నిలిపినది అదియే గనుక."

పుస్తకం మూయడానికి కూడా చేతులు రాలేదు. అలాగే తెరిచి పట్టుకుని మెట్లెక్కాడు.

పెద్దాయన కిటికీ దగ్గర తెర పరుచుకుని కూర్చున్నాడు. సూది గుచ్చేటప్పుడు చెయ్యి గజగజలాడుతోంది, గుడ్డకు ఆనించగానే నిలకడగా సాగుతోంది. కుట్లన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి. తమ్ముణ్ణీ, చేతిలో పుస్తకాన్నీ చూసి సూది ఆపాడు.

"అన్నయ్యా, ఈ పుస్తకం," అన్నాడు చిన్నాయన. పుస్తకాన్ని ముందుకు చాచాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను కుట్టిన పుస్తకంరా అది. దానంతట అది ఎక్కడా తెరుచుకోదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి."

చిన్నాయన తల వంచుకున్నాడు. నేల మీద తెగిన దారపు ముక్కలు కనిపిస్తున్నాయి. అన్న మొహం వైపు చూడడం అయ్యే పని కాదని తెలిసి ఆ ముక్కల వైపే చూస్తూ అడిగాడు.

"ఆ రోజే తెలిసిందా?"

"చేతిలోకి తీసుకోగానే. వీపు మెత్తగా ఉంది."

"మరి ఎందుకు వెళ్ళిపోయావు? తిట్టొచ్చు కదా. నలుగురిలో అడగొచ్చు కదా."

"దేవుడి మాట విని వెళ్ళాననుకున్నావా?" అన్నాడు పెద్దాయన. "నీ మాట విని వెళ్ళాను. ఇంత గట్టి కుట్టును నువ్వు అంత కష్టపడి వదులు చేశావంటే, నన్ను ఎంత భరించలేకపోతున్నావో అనుకున్నాను. అది తెలిశాక ఎలా నిలబడను?"

చిన్నాయనకు నిలువునా దహించుకుపోయింది. దొంగ అంటే పడేవాడు. మోసగాడన్నా పడేవాడు.

"పేజీ తిప్పబోయావు కదా నువ్వు," అన్నాడు. "తర్వాత ఏముందో నీకు తెలుసు. ఎందుకు చదవలేదు?"

"చదివితే నన్ను ఉంచుకోమని నేనే నీ కాళ్ళ మీద పడినట్టుంటుంది."

వదిన వంటింటి తలుపు దాకా వచ్చి, వీళ్ళ వాలకం చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. చిన్నాయన పుస్తకం తలుపు పక్కన బల్ల మీద పెట్టాడు.

"రాబోయే కూడికలో లేచి నిలబడి అంతా చెప్పేస్తాను. నేను చెప్పింది అబద్ధమని అందరి ముందూ చెప్పేస్తాను."

"చెప్పుకో. అక్కడ చెప్తే నీ బరువు దిగుతుంది, నాకేం వస్తుంది? ముందు నాకు చెప్పు. అంత పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని నాతో ఏం చెప్పాలనుకున్నావో, అది నీ నోటితో చెప్పు."

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. దారం అయిపోయింది అనడానికి ఇప్పుడు వీల్లేదు, గది నిండా దారమే.

"నువ్వు కటింగ్ మిషను దగ్గరికి రావద్దు అన్నయ్యా. నీ వేళ్ళు తెగుతాయేమోనని భయం."

"అంతేనా?"

"కాదు. భయం సగమే. మిగతాది, ఖాతాదారుల ముందు నాకు నామోషీగా ఉండేది. నువ్వు జిగురు ఒలకబోస్తుంటే నీ తమ్ముణ్ణని చెప్పుకోవడానికి సిగ్గేసేది. టీచరమ్మ కట్ట పాడైన రోజు, పోనీలే, ఇక ఇతన్ని పంపించేయడానికి ఒక సాకు దొరికింది అనుకున్నాను." మాట ఆగి ఆగి వస్తోంది. "దాన్నే ప్రార్థన అనుకున్నాను. ఇప్పుడు సిగ్గేస్తోంది అన్నయ్యా, నా మీద నాకే."

పెద్దాయన సూదిని తెరకు గుచ్చి పెట్టాడు. చివరి మాటలకు నొచ్చుకున్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది. తెర మడిచి పక్కన పెట్టాడు.

"ఈ ముక్క చెప్పడానికి దేవుడి దాకా ఎందుకు లాగావురా," అన్నాడు. "కటింగ్ మిషనంటే నాకూ భయమే. వద్దని నువ్వంటే మానేద్దామని చూస్తున్నాను. నా అంతట నేను మానేయడానికి నాకూ నోరు రాలేదు."

ఆ మాట చిన్నాయనను ఓదార్చలేదు, ఇంకా కుంగదీసింది. ఒక్క మాటకు అన్నయ్య ఎదురుచూస్తూ కూర్చుంటే, తను ఆ ఒక్క మాట దాచి పుస్తకాన్ని విరిచాడు.

"కుట్టు దగ్గరికి రా అన్నయ్యా. సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తాను."

"చూద్దాంలే," అన్నాడు పెద్దాయన.

మర్నాడు పొద్దున్న మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి అందరూ అటు చూశారు. పెద్దాయన దిగొచ్చి, మేకుకున్న గుడ్డ తీసి నడుముకు కట్టుకున్నాడు. ముడి వేయడానికి కొంచెం సేపు పట్టింది, ఎవరూ సాయం వెళ్ళలేదు. చిన్నాయన అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని గ్రంథం మీద చెయ్యి వేశాడు.

"కళ్ళు తెరిచి తెరువు," అన్నాడు పెద్దాయన.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. చిన్నాయన కళ్ళు తెరిచాడు. తోడికోడళ్ళిద్దరూ చూస్తున్నారు. తన చేతుల్లోనే పుస్తకం జారి జారి ఎక్కడికి వెళ్తుందో ఈసారి నలుగురూ చూశారు. బూడిదరంగు గీత కూడా చూశారు. అతను పేజీ తిప్పి, పైన ఉన్న వాక్యాన్ని తనే చదివాడు. "అయితే దానిని నీ ప్రక్కనే ఉంచుకొనుము," దాకా వచ్చి ఆగాడు. మిగతాది పెద్దాయన చూడకుండానే పూర్తి చేశాడు.

మందిరంలోనూ చెప్పాడు చిన్నాయన. ఎవరికీ నచ్చలేదు. నిక్షేపంలాంటి సాక్ష్యాన్ని చేజేతులా పాడు చేశాడని కొందరు గొణుక్కున్నారు. వీపు తట్టిన మందిరం పెద్ద ఈసారి దూరం నుంచే తల ఊపాడు. ఇంటికొచ్చే దారిలో భార్య అతని పక్కనే నడిచింది.

ఇప్పుడు కటింగ్ మిషను చిన్నాయనది, కుట్టు పెద్దాయనది. పొద్దున్నే కొన్ని సూదులకు దారాలు ఎక్కించి అన్న ముందు వరసగా గుచ్చి పెడతాడు. టీచరమ్మ ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. తెగిన ముక్కల్ని ఒక్కొక్కటే పేజీకి అతికించి ఇస్తామన్నారు. ఆమె ఆలోచించి, సంచి ఇచ్చింది. ఆ పని ఇంకా సాగుతోంది.

ఒకరోజు పని సద్దుమణిగాక చిన్నాయన గ్రంథాన్ని అన్న ముందు పెట్టి, "దీన్ని విప్పేసి మళ్ళీ కుడదామా? నువ్వు చెప్తూ ఉండు, నేను కుడతాను," అన్నాడు.

పెద్దాయన పుస్తకాన్ని వీపు మీద నిలబెట్టి రెండు అట్టలూ వదిలేశాడు. అది అక్కడే తెరుచుకుంది. ఎవరూ నవ్వలేదు.

"వద్దు, అలాగే ఉండనీ," అన్నాడు. "తెరుచుకున్నప్పుడల్లా పేజీ తిప్పు."

రోజూ పొద్దున్న అది అక్కడే తెరుచుకుంటుంది. చిన్నాయన రోజూ పేజీ తిప్పుతాడు. తిప్పిన ప్రతిసారీ అతని చెవులు ఎర్రబడతాయి, బల్లకు అవతల సూదులు సర్దుకుంటూ పెద్దాయన అది చూడనట్టు ఉంటాడు.